సైదమ్మ అడిగిన నీడ

అనగనగా పల్నాడులో, సున్నపురాళ్ళ గనుల పక్కన, తెల్లగట్టు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో రేకుల కప్పు వేసిన చిన్న బడి. ఆ బడి పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండి పెట్టే ఆవిడ పేరు సైదమ్మ. ఇటు జరుగు తల్లీ, కాళ్ళు నా మీద వేసుకో, చెప్తాను.

పిల్లలు కడుపునిండా తింటే సైదమ్మకి అదే పండగ. అలాంటిది ఒక ఏడు శివరాత్రి వెళ్ళీ వెళ్ళకముందే ఎండలు ముదిరిపోయాయి. వెనకటికి రోహిణి కార్తెలో కాసే ఎండ, ఒంటిపూట బడులు మొదలవకముందే కాసేసింది.

మొదట పిల్లలు అన్నం వదిలేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒకరిద్దరికి ముక్కులోంచి రక్తం కారింది. అప్పటికీ ఇది ఎండ పనేనని సైదమ్మకి తట్టలేదు. కూర నచ్చక వంకలు పెడుతున్నారనుకుంది. ఒకరోజు మూడో తరగతి పిల్ల కెజియా కంచం పక్కకి నెట్టేస్తే, కసిరి, దగ్గర కూర్చుని బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించింది.

ఆ పిల్ల లేచి రెండడుగులు వేసి పడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

అప్పుడు హెడ్మాష్టరుగారూ సైదమ్మా కలిసి పిల్లని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. సెలైన్ ఎక్కిస్తే సాయంత్రానికి కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ ఇది వడదెబ్బ అంది. మళ్ళీ ఆ రేకుల కింద కూర్చోబెడితే ఈసారి ఏమవుతుందో తను చెప్పలేనంది.

కెజియా నీరసంగా సైదమ్మ కొంగు పట్టుకుంది. "అత్తా, రేపు తింటాలే" అంది.

ఆ మాటకి సైదమ్మ గుండె చెరువైపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ ఊరుకోలేదు.

ముందు మండలాఫీసుకి వెళ్ళింది. రేకులు కురవడం లేదు కదా, ఇంకేం కావాలన్నారు. ఆ తర్వాత బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ సుభాషిణి అని ఒక ఆఫీసరమ్మ కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నది. ఎండలూ వానలూ గతి తప్పుతున్నాయని, జనాన్ని కాపాడటానికి ప్రభుత్వం విడిగా డబ్బు పెట్టిన మాట నిజమేనంది. కాకపోతే అదంతా చెరువు కట్టలకీ, పొలాలకీ, రోడ్లకీ రాశారట. బడి అనే మాట ఆ కాగితాల్లో ఎక్కడా లేదట.

"ఎండ పొలం మీదే కాసి, బడిని వదిలేస్తుందా అమ్మా?" అని అడిగింది సైదమ్మ.

ఆఫీసరమ్మ ఆ కాగితాలు మళ్ళీ మొదటి నుంచీ తిరగేసింది.

మళ్ళీ జిల్లా ఆఫీసుకి వెళ్ళినప్పుడు సైదమ్మ ఇంకేమీ అడగలేదు. ఒక్క పూట మా బడికి భోజనానికి రండి అని పిలిచి వచ్చేసింది.

ఆఫీసరమ్మ వచ్చింది తల్లీ. పిల్లల మధ్య కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండు ముద్దలు తినేసరికి చెమటకి జాకెట్టు తడిసిపోయింది. మూడో ముద్ద గొంతు దిగలేదు. పక్కనున్న కెజియా తన నీళ్ళసీసా ఆవిడ ముందుకి జరిపింది. ఇక్కడ ఎంతసేపు కూర్చుంటారని ఆవిడ అడిగితే, పొద్దుటి నుంచీ బడి వదిలేదాకా అని చెప్పింది ఆ పిల్ల.

"బడి మాట రాయకపోవడం మా పొరపాటే సైదమ్మగారూ" అంది ఆఫీసరమ్మ. "కానీ నేనొక్కదాన్నీ చెబితే చాలదు. డబ్బు దేనికివ్వాలో తేల్చే మీటింగుకి మీరు కూడా రావాలి."

సైదమ్మ వెళ్ళింది. అంతమంది పెద్దవాళ్ళ ముందు లేచి నిలబడింది. తను కసిరి తినిపించిన సంగతీ, పిల్ల పడిపోయిన సంగతీ, రేపు తింటానన్న సంగతీ చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఆఫీసరమ్మ లేచి, నేనూ ఆ రేకుల కింద కూర్చుని చూశానంది. ఆ తర్వాత కాగితాల్లో బడి అనే మాట చేరింది.

డబ్బు రావడానికి ఏడాది పట్టింది. ఈలోగా ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గనుల పక్కనున్న సున్నపు బట్టీల దగ్గర సున్నం అడిగి తెచ్చి రేకుల మీద తెల్లగా కొట్టారు. వాకిట్లో తాటాకు పందిరి వేశారు. కాస్త నయమనిపించింది.

మరుసటేడు రేకులు పోయి మంచి కప్పు వచ్చింది. ఎండతోనే తిరిగే ఫ్యాన్లు వచ్చాయి. వారం వారం పిల్లల్ని చూసిపోయే నర్సమ్మ వచ్చింది. బయట ఎండ మాత్రం తగ్గలేదు తల్లీ, అలాగే మండింది. లోపల పిల్లలు ఎక్కాలు చదువుకున్నారు.

అప్పుడొకనాడు పక్క ఊరి బడిలో వంట చేసే నాగూర్బీ వచ్చింది. మా పిల్లలు కూడా పడిపోతున్నారక్కా, ఎవర్ని అడగాలో తెలీదు అని గుమ్మంలోనే నిలబడిపోయింది.

సైదమ్మ చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని, నాగూర్బీ చెయ్యి పట్టుకుని జిల్లా బస్సెక్కింది.

కథ కంచి దారి పట్టింది,
కునుకు కంటి తలుపు తట్టింది.
బడిలో పిల్లలు చల్లగా,
నిద్రపో నా తల్లి మెల్లగా.