పీరయ్య ఊపిరి

ఇరుసుల దగ్గర నూనె కారకుండా ఆపే సీళ్లు మౌలాలి మార్చిన ప్రతిసారీ ట్రాక్టరు కొన్నాళ్లు బుద్ధిగా ఉండి, మళ్లీ మొదటికి వచ్చేది. వెనక చక్రాల లోపలి పక్క నుంచి నూనె సన్నగా కారి, రిమ్ము మీదుగా దిగి మట్టిలో ఇంకేది. బండి ఎక్కడ ఆపితే అక్కడ రెండు నల్లటి మరకలు, ఎవరో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఏడ్చి లేచిపోయినట్టు.

ఆ ట్రాక్టరు లాలుస్వామిది. నల్లమల అంచున, దర్గా ఉన్న కొండకు దిగువన ఆ ఫకీరు కొట్టం, దాని పక్కన కాస్త వేరుశనగ చేను, ఆ చేనుకు ఈ ముసలి బండి. మౌలాలి స్వామి దగ్గర శిష్యుడిగా చేరాడు గానీ, జపమాల కంటే పానాల మీదే అతనికి చేయి తిరిగింది. ఆ సంగతి నలుగురికీ తెలియాలన్న తాపత్రయం కూడా బాగానే ఉండేది.

తెల్లవారితే దర్గాలో గంధం ఉత్సవం. ఏటా లాగే ఊరి ఆడవాళ్లూ పిల్లలూ ట్రాలీలో కొండ మీదికి పోయి, సాయంత్రానికి ఆ మలుపుల దారినే కిందికి దిగాలి. సీళ్లు దాటిన నూనె బ్రేకుల్లోకి చేరుతోంది. ఆ ఉదయం కాలువ గట్టు మీద బ్రేకు తొక్కితే బండి ఆగలేదు, మెత్తగా ముందుకు జారింది. మౌలాలికి ముచ్చెమటలు పోశాయి. అయినా రేపు బండి రాదని ఊళ్లో చెప్పడానికి నోరు రాలేదు. తన చేతిపనికి అంత మాటా?

మధ్యాహ్నం కొత్త సీళ్లు బిగించాడు. పొద్దుగూకే వేళకు చేను చుట్టూ తిప్పి తెచ్చి, ఇంజను ఆపి వంగి చూశాడు. సీలు అంచున నూనె చుక్క అప్పుడే ఊరుతోంది.

"సామీ, నా పనిలో వంక లేదు. ఈ సీళ్లే దొంగసరుకు" అన్నాడు, అడగకుండానే.

లాలుస్వామి కొట్టం గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు చక్రాల మీద లేదు, ఖాళీ సీటు మీద ఉంది.

"ఏమప్పా మౌలాలీ, ఈ మధ్య పీరయ్య ఊపిరి వినపడ్లేదే?"

మౌలాలి చేతిలో పానా కింద పడింది.

పీరయ్య ఈ బండికి డ్రైవరు. మౌలాలికి పని నేర్పినవాడు. ఉబ్బసం మనిషి, ఎప్పుడూ దవడన వాము పెట్టుకుని నమిలేవాడు. ఎండాకాలంలో ఓ సాయంత్రం ఆ సీటు మీదే పోయాడు.

అప్పటినుంచీ పొద్దుగూకి ఇంజను ఆపగానే సీటు కింద నుంచి ఓ ఊపిరి వచ్చేది. ముందు పొడుగ్గా బయటికి. కాసేపాగి లోపలికి, ఉబ్బసం వాళ్లు కష్టపడి పీల్చినట్టు. అది గేరుబాక్సు మీది గాలిమూత చప్పుడని మౌలాలికి తెలుసు. లోపల నూనె వేడెక్కితే గాలి బయటికి పోవాలి, చల్లారితే లోపలికి రావాలి, దానికోసం పెట్టిన చిన్న తొర్ర. దుమ్ము పట్టి ఈల వేస్తోంది, అంతే. పగలు ఆ మాట గట్టిగానే నమ్మేవాడు. పొద్దు వాలితే మాత్రం ఆ నమ్మకం కాళ్లలోంచి దిగిపోయేది. చివరికి ఓ రోజు ఆ తొర్రలో గుడ్డపేలిక కుక్కి, పైన తారు పూశాడు. ఊపిరి ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు.

"యాడ వినపడతాది సామీ... అది ఉత్త గాలి" అన్నాడు.

లాలుస్వామి లేచి వచ్చాడు. తన ఎండిన అరచేతితో మౌలాలి ముక్కూ నోరూ కలిపి అదిమి పెట్టాడు. మౌలాలి మొదట నవ్వబోయాడు. తర్వాత పెనుగులాడాడు. ముసలి చేయి కదల్లేదు. ఛాతీ పగిలిపోతుందనిపించింది. కళ్లు ఉబ్బి, రెండు కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారి స్వామి వేళ్ల మీద పడ్డాయి.

అప్పుడు చేయి తీశాడు.

"నా చేతిలో వంక లేదప్పా" అన్నాడు స్వామి, వేళ్లు పంచెకు తుడుచుకుంటూ. "నీ కండ్లే దొంగసరుకు."

మౌలాలి రొప్పుతూ ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత చక్రాల వైపు. ఆ తర్వాత, చాలాసేపటికి, సీటు వైపు. పైన దారి మూసుకుపోయిన గాలే నూనెను సీళ్లలోంచి బయటికి తోస్తోంది.

ఎక్కి, సీటు పక్కకు తోసి, స్క్రూడ్రైవరుతో తారు గీకాడు. పేలిక కొస దొరికింది. లాగాడు.

లోపలున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆగదేమో అనిపించేంత పొడుగు నిట్టూర్పు. వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. నూనె వాసన వస్తుందనుకున్నాడు. వచ్చింది వాము వాసన.

మౌలాలి అక్కడే కూలబడ్డాడు.

"ఆ పొద్దు నీళ్లు అడిగినాడు సామీ. నేను బండి కిందే ఉన్నా. పొద్దున నలుగురిలో నన్ను తిట్టినాడని కోపం. విననట్టు పండుకున్నా. 'మౌలాలీ, నీళ్లు' అని మళ్లీ అన్నాడు. లేసి చూసేసరికి..." ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఏడుపు అతన్ని కుదిపేసింది.

స్వామి ఓదార్చలేదు. పక్కనే నిలబడ్డాడు.

ఏడుపు తెరిపిచ్చాక మౌలాలి కిందికి దిగి వంగి చూశాడు. సీలు అంచున కొత్త చుక్క ఊరలేదు. చక్రాలు విప్పి బ్రేకులు కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. తెల్లారగట్ల, జనం రాకముందే, ఖాళీ బండిని గట్టు మీద తోలి బ్రేకు తొక్కాడు. తొక్కిన చోటే ఆగింది.

గంధం రోజు సాయంత్రం ట్రాలీ నిండా పాటలతో బండి కొండ దిగింది. ప్రతి మలుపులోనూ మాట విన్నది. జనం దిగి ఇళ్లకు పోయాక మౌలాలి బండిని కొట్టం ముందుకు తెచ్చి ఇంజను ఆపాడు. కింద మట్టి పొడిగా ఉంది.

సీటు కింద నుంచి ఊపిరి వచ్చింది.

మౌలాలి పారిపోలేదు. లోపలికి పోయి, కుండలో చెంబు ముంచి, నిండా నీళ్లు తెచ్చి మడ్డుగార్డు మీద పెట్టాడు.

"అన్నా, నీళ్లు" అన్నాడు.

ఊపిరి ఆగింది. కాసేపటికి లోపలికి తిరిగింది, నెమ్మదిగా, ఎక్కడా తట్టుకోకుండా. తర్వాత ఏ చప్పుడూ లేదు. చీకటి పడేదాకా మౌలాలి అక్కడే నిలబడ్డాడు.

గడప మీద నుంచి లాలుస్వామి గొంతు వినిపించింది.

"మిగిలినవి నువ్వు తాగప్పా."

నీళ్లు తగ్గాయో లేదోనని మౌలాలి చెంబులోకి తొంగి చూడలేదు. రెండు చేతులా ఎత్తి తాగాడు.