పెంటమ్మ చెంబు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా అమ్మమ్మకి వాళ్లమ్మమ్మ చెప్పేనాటికే ఇది పాత కథ. ఊ కొడుతూ ఉండండి, చెబుతాను.

వాగు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో పెంటమ్మ. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈ పిల్లైనా దక్కాలని వాళ్లమ్మ పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి ఎత్తుకుంది. అందుకే ఆ పేరు. పిల్ల దక్కింది. కానీ పెంటమ్మ కడుపున మాత్రం ఒక్క కాయా కాయలేదు. మొగుడూ తొందరగా పోయాడు. ఊళ్లో బాలింతలకు నీళ్లు పోయడమే ఆమె పని.

ఎలా పోసేదనుకున్నారు? వావిలాకు దూసి కాగులో వేసి, బాగా మరగకాచి, నడుము మీద చెంబు చెంబుగా పోసేది. ఆ వాసనకే సగం నొప్పి పోయేదని ఆడవాళ్లు అనేవారు. ఆకుకు కొదవ లేదు. ప్రతి ఇంటి దడీ వావిలే.

ఒకసారి కరణంగారి భార్య పుట్టింటి నుంచి ఓ పూలకంప తెచ్చి నాటింది. ఒకే గుత్తిలో పసుపు, ఎరుపు, గులాబీ. ఊరంతా నోరెళ్లబెట్టింది. అందరికంటే ఎక్కువ మురిసింది పెంటమ్మే. పురుడొచ్చిన ఇంటికి ఒట్టి చేతులతో ఎలా వెళ్లడమని, వెళ్లిన ఇంటికల్లా ఆ కంప కొమ్మొకటి పట్టుకెళ్లి తన చేత్తోనే నాటేది. పిచ్చితల్లి, ప్రేమకొద్దీ చేసింది.

కంప ఊరుకుంటుందా? దడులన్నీ ఆక్రమించింది. పిట్టలు కాయలు తిని విత్తనాలు వాగుదాకా మోసుకెళ్లాయి. దాని కింద మరో మొక్క బతకలేదు. వావిలి ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. పెంటమ్మ కూడా, ఈ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉందిలే అనుకుంటూ వచ్చింది.

ఇంతలో కొండాలు ప్రసవించింది. కొండాలు పుట్టినప్పుడు వాళ్లమ్మకు నీళ్లు పోసిందీ పెంటమ్మే, పూలకంప తను మొట్టమొదట నాటిందీ ఆ ఇంట్లోనే. కాన్పు కష్టమై కొండాలు లేచి కూర్చోలేకపోతోంది. పెంటమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఆకు దొరకలేదు. ఒట్టి వేణ్నీళ్లు పోసింది.

"పెద్దమ్మా, నీళ్లకి వాసన లేదేంటి?" అంది కొండాలు నీరసంగా.

పెంటమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. దడికేసి చూసింది. రంగురంగుల పూలు. తను నాటినవే. ఏడుపు తన్నుకొచ్చింది.

"రేపొస్తుందే తల్లీ. నేను తెస్తాగా," అంది.

వాగు వెంట నడిచింది. మొదటి మలుపులో కంప. రెండో మలుపులో కంప. మూడో మలుపులో కంప మధ్యన, ఊపిరాడనట్టు, ఒక్క వావిలి. చేతులు చీరుకుపోతున్నా దూరి కొమ్మలు కోసుకొచ్చింది. ఆకు కాగులోకి, పుల్ల మట్టిలోకి. పుల్ల పాతడానికి కొండాలు వాళ్ల దడిలో కంపను వేళ్లతో సహా తవ్వి పారేసింది.

ఆ నీళ్లు పడగానే కొండాలు కళ్లు మూసుకుని, "ఆఁ, ఇదే," అంది. నాలుగు రోజులకు లేచి కూర్చుంది.

మరి రాబోయే బాలింతల మాటేమిటి? నీళ్లు పోయడం ముగిసిన రోజు ప్రతి ఇంట్లోనూ పెంటమ్మకు చీర, చాటెడు బియ్యం పెట్టడం ఆనవాయితీ. ఇప్పుడు ఆమె రెండూ వద్దంది.

"మూరెడు దడి ఇవ్వండి, చాలు."

కరణంగారి భార్య కోప్పడింది. "ఇంత చక్కటి పూలు పీకేస్తావుటే? పూలు లేని దడీ ఒక దడేనా?"

"వావిలికీ పూలున్నాయమ్మగారూ, చిన్నవి. చాలవంటే పక్కన తంగేడు పెడతాను. విరగబూస్తుంది."

"మేకలు దూరితేనో?" అంది ఇంకొకావిడ.

"వాక్కాయ మొక్క పెడతాను. ముళ్లూ ఉంటాయి, పచ్చట్లోకి కాయలూ ఉంటాయి."

"కంప మళ్లీ మొలిస్తేనో?" అంది మూడో ఆవిడ.

"మళ్లీ పీకుతాను," అంది పెంటమ్మ.

అన్నట్టే పీకింది. ఒంటి మీద పాత చీరే, కుండలో పల్చటి గంజే. పురిటికో మూరెడు దడి. ఆకు కాగులోకి, పుల్ల మట్టిలోకి. పిల్లలు పెరిగారు, దడులూ పెరిగాయి.

ఒక పొద్దున పెంటమ్మ లేవలేదు. నా అన్నవాళ్లు లేరాయె, ఆఖరి స్నానం ఎవరు చేయిస్తారని పెద్దలు గొణుక్కుంటున్నారు. అప్పటికి జుట్టు నెరిసిన కొండాలు పొయ్యి మీద కాగు ఎక్కించింది. ఇంటికో ఆడమనిషి తమ దడిలోంచి గుప్పెడు వావిలాకు పట్టుకొచ్చింది.

"అందరికీ పోసింది. తనకే ఎవరూ పోయలేదు," అంది కొండాలు.

బాలింతకు పోసినట్టే పోశారు. వేడి ఎక్కువైందేమోనని అరచేత్తో చూసి చూసి మరీ పోశారు. పోయిన మనిషికి వేడేమిటని ఒక్కరూ అడగలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లో బాలింతకు నీళ్లు పోశాక కాగులో ఒక చెంబు మిగులుస్తారు. చల్లార్చి, దడిలో వావిలి మొదట్లో పోస్తారు. పోస్తూ మెల్లగా అడుగుతారు.

"నీ చెంబు, పెద్దమ్మా. వాసనొస్తోందా?"