నాలుగు కిటికీలు, ఒక వడ్రంగిపిట్ట

చిన్న కథే. తమలపాకు నమిలేలోపు అయిపోతుంది. నేరేడుగుట్ట మీద ఓ వడ్రంగిపిట్ట నక్కని ఓడించింది, అంతే. కాకపోతే పిట్ట దగ్గరికి వెళ్లాలంటే ముందు గొర్రెల సంగతి చెప్పాలి. గొర్రెల సంగతి చెప్పాలంటే మేక పోలమ్మ నడుము నొప్పి చెప్పాలి. ఆ నొప్పి గురించి ఆవిడే ఊరంతా చెప్పుకుంటుంది కాబట్టి దాచేదేమీ లేదు.

ఆ గుట్ట మీద ఎద్దు వీరభద్రం ఒక కబుర్ల కంపెనీ నడిపేవాడు. ఏ మడుగులో నీళ్లున్నాయి, పులి రాత్రి ఎక్కడ పడుకుంది అని జంతువులు వచ్చి అడిగేవి. రాతిలో నాలుగు కిటికీలు. వాటిలో మేక, గేదె, గాడిద, పంది. కొంగలు పొద్దున్నే తెచ్చే కబుర్లు నలుగురికీ కంఠతా వచ్చు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. అయినా మొదటొచ్చిన గొర్రె పోలమ్మ కిటికీ దగ్గర నిలబడింది. దాని వెనక గొర్రెలన్నీ నిలబడ్డాయి. గొర్రెల వెనక అడవంతా నిలబడింది. పోలమ్మ నడుము విరిగేలా జవాబులు చెబుతుంటే మిగతా ముగ్గురూ నెమరేస్తూ కూర్చునేవారు. గాడిదకీ పందికీ నెమరు రాదు, అయినా వేసేవి.

ఒకరోజు ఏనుగు పెద్దయ్య వచ్చాడు.

"వీరభద్రం, వరస కదలడం లేదు. ఎల్లుండి అడవంతా నీళ్ల కోసం వలస దిగుతుంది. ఆ రోజూ ఇలాగే ఉంటే ఈ పని తోడేళ్లకి ఇచ్చేస్తాను."

తోడేళ్లు చెప్పిన మడుగుకి వెళ్లిన కుందేలు తిరిగొచ్చి నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పిన దాఖలా లేదు. వీరభద్రానికి ఆ పూట గడ్డి సయించలేదు.

"నాలుగు సర్వర్లు, అంటే మనలా జవాబులిచ్చేవి, ఉన్నప్పుడు ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ ఉండాలి మావా," అంది గాడిద. అది పట్నంలో ఓ కంప్యూటర్ కంపెనీ ప్రహరీ పక్కన ఏడాది మేసింది. మేసింది ఎక్కువగా వాళ్ల కాగితాలే. "వచ్చినవాళ్లని తలా ఒక కిటికీకి పంచి పంపేవాడన్నమాట. వాళ్ల వెబ్‌సైట్ అలాగే నడుస్తుంది."

కబురు పాకింది. మర్నాడు పొద్దున్నే నెమలి, నక్క జగ్గారావు ఉద్యోగానికి వచ్చారు.

వీరభద్రం నెమ్మదస్తుడే గానీ వెర్రివాడు కాదు. ఇద్దరినీ పరీక్షించాలని పోలమ్మని చాటుకి పిలిచాడు.

"ఒదినా, నేను తోక ఊపగానే పడిపో. ఎవరేమడిగినా పలకకు."

"పడిపోవడం నాకు నేర్పాలా మరిదీ? రోజూ చేస్తున్నదేగా."

ముందు నెమలి నిలబడింది. "నీకొకటి, నీకొకటి," అని వంతులవారీగా పంపింది. బాగానే ఉంది. వీరభద్రం తోక ఊపాడు, పోలమ్మ పడిపోయింది. నెమలి తల తిప్పలేదు. తిప్పితే పింఛం చెదురుతుంది. నాలుగో వంతు వాళ్లంతా పోలమ్మ కిటికీ ముందు పోగుపడి అరవడం మొదలెట్టారు.

"ఆ ఈకలోడిని పక్కన పెట్టు మావా," అన్నాడు జగ్గారావు. "నేనైతే ఎవరి ప్రశ్న ఏంటో విని, దానికి తగ్గ కిటికీకి పంపుతా."

పోలమ్మ లేచి కూర్చుంది. జగ్గారావు వాకిట్లో నిలబడి కుందేలమ్మని ఆపాడు.

"ఏ మడుగుకి చెల్లెమ్మా? ఎన్నింటికి? పిల్లలెందరు? లావుగా ఉంటారా?"

"లావుతో నీకేం పని?"

"లోడు తెలియొద్దూ!"

వరస కొండ దిగి వాగు దాటింది. వీరభద్రం తోక ఊపాడు. పోలమ్మ కాళ్లు చాపి, నాలుక బయటపెట్టి పడింది. ఈసారి కొంచెం ఎక్కువే చేసింది. జగ్గారావు ఒక్కసారి చూసి నవ్వాడు.

"చెవి కదిలింది! చచ్చినట్టు పడుకోవడం మా వంశవిద్య. నా దగ్గరా?" అని ఇంకో ఇరవైమందిని అటే తోలాడు.

"పడిపోయినావిడ దగ్గరికి పంపుతావేం జగ్గూ?"

"బతికే ఉంది మావా! పందెం!"

"బతికే ఉంది. జవాబు చెబుతోందా?"

జగ్గారావు తోక ముడిచి నెమలి పక్కకి జరిగాడు. అతను వెనక్కి తగ్గడం గుట్ట మీద అదే మొదటిసారి.

వీరభద్రం తల వంచుకున్నాడు. రేపే వలస. పైనుంచి చిన్న గొంతు వినిపించింది.

"బాబాయ్, పోలమ్మ పెద్దమ్మ పలకట్లేదని నాకెప్పుడో తెలుసు."

వడ్రంగిపిట్ట సింహాద్రమ్మ. ఉద్యోగానికి రాలేదు, కిటికీల మీది మానులో పురుగుల కోసం వచ్చింది.

"ఎలా తెలుసమ్మా?"

"నేను కొడితే లోపలున్నవాళ్లు తిరిగి ఓసారి తడతారు. గేదె కొమ్ముతో, గాడిద డెక్కతో, పంది ముట్టెతో. పెద్దమ్మ తట్టలేదు. తట్టనివాళ్ల దగ్గరికి ఎవరినైనా ఎందుకు పంపడం?"

"వచ్చినవాళ్లని ఏం అడుగుతావు?"

"నేనెందుకు అడగడం? వాళ్ల ప్రశ్న వాళ్లది."

"నీకు జ్వరమొస్తే?"

"మా ఆయన అవతలి కొమ్మ మీదుంటాడు. వరసగా రెండుసార్లు నా టక్ టక్ వినపడకపోతే తను అందుకుంటాడు."

వీరభద్రం అక్కడికక్కడే ఉద్యోగం ఆ పిట్టకిచ్చేశాడు.

మర్నాడు అడవంతా దిగింది. జింకలు, దుప్పులు, ఉడుతలు, ముళ్లపందులు. సింహాద్రమ్మ టక్ టక్ మంటే లోపలి నుంచి టక్ మనేది. "మూడో కిటికీ! రెండో కిటికీ!" మధ్యలో గేదె కునికింది, బదులు రాలేదు. ఆ కిటికీకి ఒక్కరినీ పంపలేదు. గేదె లేచి కొమ్ముతో తట్టాక మళ్లీ పంపింది. గొర్రెలు నాలుగు వరసల్లో నిలబడ్డాయి. వాటి వంశంలో అది ఎవరూ ఎరగరు. పొద్దు నడినెత్తికి రాకముందే వాకిలి ఖాళీ. ఏనుగు పెద్దయ్య తొండమెత్తి ఘీంకరించాడు. అవతలి గుట్ట మీద తోడేళ్లు లేచి వెళ్లిపోయాయి. పోలమ్మ నడుము నొప్పి తగ్గింది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జగ్గారావు సంగతా? వీరభద్రం అతనికీ ఉద్యోగం ఇచ్చాడు. ప్రతి సోమవారం ఏదో ఒక కిటికీలో చచ్చినట్టు పడుకోవాలి, పిట్ట కనిపెడుతోందో లేదో చూడటానికి. ఇంతవరకు ప్రతిసారీ కనిపెట్టింది. పని బాగా చేస్తున్నాడని చెప్పుకుంటున్నారు.

నీతి: వాకిట్లో ఉండేవాడికి వచ్చినవాళ్ల గుట్టు అక్కర్లేదు, లోపల పలికేవాళ్లెవరో తెలిస్తే చాలు.