కెజియా కళ్ళు మూయడం లేదు

ఉపదేశి జెకర్యాకు తిండి సయించడం లేదు. అతని పదేళ్ళ కూతురు కెజియా ప్రార్థన మానేసి మూడు వారాలయింది.

పొద్దుగూకాక ఇంట్లో చాప పరిచి తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురూ మోకరించడం వాళ్ళ అలవాటు. పిల్ల ఇప్పటికీ వచ్చి మోకరిస్తుంది. కానీ కళ్ళు మూయదు, నోరు తెరవదు. వంద బైబిలు వాక్యాలు గడగడా అప్పజెప్పిన పిల్ల! బతిమాలితే తల దించుకుంటుంది. గదిమితే గోడవైపు తిరుగుతుంది.

ఆ పల్లెలో పిల్లలందరికీ సండేస్కూలు చెప్పేది జెకర్యాయే. ఉపదేశి కూతురే ఇలా తయారైందని జనం అనుకుంటారన్న బెంగ ఎలాగూ ఉంది. అది చిన్న బెంగ. తన బిడ్డకు దేవుడు లేకుండా పోతాడేమోనన్నది పెద్ద బెంగ. 

ఓ మధ్యాహ్నం సైకిలేసుకుని దీనమ్మ గారి దగ్గరికి వెళ్ళాడు. నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి ఆవిడ. జెకర్యాకు అక్షరాలూ ప్రార్థనా రెండూ నేర్పింది ఆవిడే. అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది.

"వందనాలమ్మగారూ."

"వందనాలురా. ఏంటట్టా పీక్కుపోయావు?"

జెకర్యా అంతా చెప్పుకొచ్చాడు. "చెయ్యాల్సినవన్నీ చేశానమ్మా. ఉపవాసం ఉన్నా. నూనె రాసి ప్రార్థన చేశా. ఉలకదు, పలకదు."

"ఎప్పటినించీ ఇట్టా?"

"మూడు వారాల కిందట మా ఇంట్లో గృహకూటం పెట్టుకున్నాం. అప్పటినించే. ఆ ముందురోజు నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పిందమ్మా, నిద్దట్లో పక్క తడుపుతున్నానని. పాపం, హడలిపోయింది. నేను ఊరుకుంటానా? మర్నాడు కూటంలో అందరికంటే ముందు నా విన్నపమే పెట్టా, బిడ్డ పక్క తడుపుతోంది, ప్రార్థించండని. దాన్ని మధ్యలో కూర్చోబెట్టి తలా ఒక చెయ్యి దాని మీదుంచి ఎంత భారంగా ప్రార్థించారో!"

దీనమ్మ గారి చేతిలో రెమ్మ ఆగింది. "తగ్గిందా?"

"లేదమ్మా. పైగా ప్రార్థనే మానేసింది."

ఆవిడ మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది.

జెకర్యా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోటమ్మా. మీకొక్కరికే చెబుతున్నా, మా ఆవిడ సలోమికి కూడా తెలీదు. పిల్లల్ని దైవభక్తిలో పెంచండని ప్రసంగం చెబుతుంటే కాళ్ళు వణుకుతున్నాయి. నా మాట నాకే అబద్ధంలా వినబడుతోంది. పోయిన ఆదివారం మధ్యలో ఆపి, మందిరం వెనక్కి పోయి వాంతి చేసుకున్నా. నీళ్ళు తాగొచ్చానని చెప్పా అందరికీ."

"సాయంత్రం మీ ఇంటికొస్తాలే," అంది దీనమ్మ గారు.

అన్నట్టే వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన మునగాకు సలోమికి ఇచ్చింది. కెజియాను దగ్గర కూర్చోబెట్టుకుని, కోడి ఎన్ని పిల్లల్ని చేసిందీ, అందులో నల్లవెన్నీ అని ఆరా తీసింది. ప్రార్థన ఊసే ఎత్తలేదు. జెకర్యాకు కాలు నిలవడం లేదు. పిల్లకి నాలుగు మంచి మాటలు చెబుతుందనుకుంటే ఈవిడ కోడిపిల్లల దగ్గరే ఆగిపోయిందేమిటని లోపల ఒకటే గింజుకుంటున్నాడు.

చాప పరిచారు. నలుగురూ మోకరించారు.

"ఇవాళ నేను చేస్తా," అని దీనమ్మ గారు కళ్ళు మూసుకుంది. ఆవిడ గొంతు చిన్నది కాదు. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినబడుతుంది.

"ప్రభువా, నా బిడ్డ జెకర్యాని జ్ఞాపకం చేసుకో. ప్రసంగానికి నిలబడితే వీడికి కాళ్ళు వణుకుతున్నాయి తండ్రీ. వీడి మాట వీడికే అబద్ధంలా వినబడుతోందంట. పోయిన ఆదివారం మందిరం వెనక్కి పోయి..."

"అమ్మగారూ!"

జెకర్యా అరిచినంత పని చేశాడు. చెవులు భగభగా మండుతున్నాయి. సలోమి ప్రార్థన మరిచిపోయి అతన్నే చూస్తోంది. ఆ చాప మీద నుంచి లేచి ఎటైనా పారిపోవాలనిపించింది అతనికి.

"అది మీకొక్కరికే చెప్పానమ్మా!"

దీనమ్మ గారు కళ్ళు తెరవలేదు. ఆపినచోటే ఆపేసి ఊరుకుంది.

జెకర్యా పక్కకి తిరిగాడు. కెజియా కళ్ళు అతని మీదే ఉన్నాయి. ఆ పిల్ల నవ్వడం లేదు. తండ్రిని చూసి జాలిపడుతోంది. అది అతను ఓర్చుకోలేకపోయాడు.



"నువ్వు ముగించు," అంది దీనమ్మ గారు.

జెకర్యా తల వంచాడు. ఏ ఇంట్లో ఏ కష్టమొచ్చినా తడుముకోకుండా ప్రార్థన చేసే మనిషికి ఒక్క మాట రావడం లేదు. రెండుసార్లు "ప్రభువా" అన్నాడు. రెండుసార్లూ ఆగిపోయాడు.

"ప్రభువా, నా బిడ్డ నాకొక్కడికే చెప్పుకుంది. నేను తీసుకెళ్ళి కూటంలో పెట్టాను. ఏడెనిమిది మంది ముందు..."

"పద్నాలుగు మంది, నాన్నా," అంది కెజియా.



"పద్నాలుగు మంది ముందు, ప్రభువా," అన్నాడు జెకర్యా.