సింహాద్రి తిప్పిన నట్టు

"సింహాద్రీ! ఇటు చూడవోయ్, నడిచేస్తున్నాను!" అని గవర్రాజు వాకర్ పట్టుకుని వార్డంతా వినపడేలా కేకేశాడు.

పక్క మంచం మీది సింహాద్రి మొహం తిప్పుకున్నాడు. బొబ్బిలిలో అతను పేరున్న స్కూటర్ మెకానిక్. తనకు తెలియనిది లేదనే ధీమాతో ఉండేవాడు. ఇద్దరికీ కాలే విరిగింది. గవర్రాజుకు ఎముక లోపల రాడ్డు వేశారు. సింహాద్రికి మాత్రం ఎముకలోకి మేకులు దింపి, వాటిని కాలి బయట ఇనుప చట్రానికి నట్లతో బిగించారు.

"నాకూ రాడ్డే వేయొచ్చు కదమ్మా?" అని డాక్టర్ వసుంధరను అడిగాడు.

"నీ గాయంలో మట్టి చేరిందయ్యా. ఇప్పుడే లోపల ఇనుము పెడితే చీము పడుతుంది. ముందు గాయం ఆరనీ," అన్నారావిడ.

"ఏం మావా, కాలికి సెంటర్ స్టాండ్ వేయించుకున్నావా?" అని భార్య పైడమ్మ నవ్వించబోయింది. అతనికి నవ్వు రాలేదు. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, ఆమె కొంగు గాలికి రెపరెపలాడుతుంటే భీమిలి సముద్రం దాకా బండి నడపాలని అతని కల.

చట్రం లాగేస్తోంది. నట్టు బిగువెక్కువైందని తనే తేల్చేశాడు. "చేతిలో పానా లేకపోతే ఏమీ తోచడం లేదే," అని పైడమ్మ చేత ఇంటి నుంచి తెప్పించుకున్నాడు. అందరూ భోజనాల హడావుడిలో ఉండగా దుప్పటి కింద ఒక నట్టు వదులు చేశాడు. ప్రాణం హాయిగా అనిపించింది.

మర్నాటికి కాలు వాచిపోయింది. వసుంధర ఎక్స్‌రే చూసి నిట్టూర్చారు.

"ఎముక జరిగింది. బయటి చట్రం నీకు నిలవలేదు సింహాద్రీ. మళ్లీ కోసి లోపల ప్లేటు వేయాలి. గాయమా, ఇంకా పచ్చిగానే ఉంది. చీము పట్టిందంటే కాలికే ముప్పు. అయినా వేరే దారి లేదు."

పైడమ్మ అతని చెయ్యి పట్టుకుంది. సింహాద్రి చూపు పానా దాచిన తలగడ వైపు పోయింది. నిజం చెబితే వార్డంతా నవ్వుతుంది. చెప్పకపోతే?

అతన్ని ఆపరేషన్‌కు తీసుకెళ్లే స్ట్రెచర్ గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మా, ఆగండి! చట్రం తప్పు కాదు. నట్టు నేనే వదులు చేశాను!" అంటూ తలగడ కింది పానా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

వసుంధర గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. "బతికించావయ్యా! అయితే కోయక్కర్లేదు. ఎముక సరిచేసి మళ్లీ బిగిస్తే చాలు."

పైడమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"ఒరేయ్, నా బండి కూడా ఇలాగే రిపేరు చేశావా?" అన్నాడు గవర్రాజు. అందరికంటే ముందు సింహాద్రే పకపకా నవ్వాడు.

నీతి: చేసిన తప్పును దాచిపెడితే మంచి వైద్యం కూడా దారి తప్పుతుంది, వేళకు ఒప్పుకుంటే దిద్దుకునే దారి దొరుకుతుంది.