మూరెడు ఎల్లుల్లి దండ

అనగనగనగా ఒక గోడ. గోడకి ఇటు గవరమ్మ, అటు శేషమాంబ. ఇద్దరూ కొంగులు నడుముకి బిగించి తిట్టుకుంటున్నారు. ఎప్పుడు మొదలెట్టారో అడక్కు. తగువు మొదలైన ఏడు నాటిన ములగచెట్టు, మనం కథలోకొచ్చేసరికి కాయలు కాస్తోంది.

"ఏమే గవరమ్మా! మళ్ళీ అది ఏయించావా? మా దేవుడి గది దాకా కొట్టింది కంపు!"

"అదంటే ఏదమ్మా శేషమాంబగారూ? దానికి పేరు లేదా?"

"ఛీ, ఆ పేరు నా నోట పలకను!"

పలకదంట! చూశావా పొగరు. వాళ్ళింట్లో ఎల్లుల్లి తినరు. తినకపోతే మానెయ్యి, ఎవరి తిండి వాళ్ళది. పక్కింటి మూకుడు మీద నీ పెత్తనమేంటి? ఉత్త పేరు మీద పగేంటి? పిల్లా, నువ్వూ ఇందాక ముద్ద నెట్టేసి అదే అన్నావుగా, కంపని. బళ్ళో ఆ పిల్లెవరో ముక్కు మూసుకుందని. ముక్కు కారేది నీకు, మూసుకునేది అదీనా! సరే, ఇను.

శేషమాంబకి ఒక కోడలు, సుభద్ర. ఆ సుభద్రకి నీ అంత కూతురు, కనకం. ఆ ఏడు ముసురు పట్టింది. కనకానికి ముందు తుమ్ములొచ్చాయి. ఆ తర్వాత జలుబు చేసింది. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, ఆయాసమొస్తే పరిగెత్తాలి, అది వేరే సంగతి. ఇది ఉత్త పడిశం. కానీ పడుకుంటే ఖళ్ళు, లేస్తే ఖళ్ళు. పిల్లకి కునుకు లేదు, తల్లికీ లేదు.

అప్పుడు సుభద్ర గోడ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "పిన్నిగారూ, పిల్ల నిద్రపోవట్లేదండీ" అంది.

గవరమ్మ మొగుడు పోయిన మనిషి. ఒక్కతే ఉంటది. అయ్యో పాపం అనడాలవీ చేతకాదు. లోపలికెళ్ళి ఎల్లుల్లి రెబ్బలు నేతిలో ఎర్రగా ఏయించి, మిరియాల పొడి చల్లి, గిన్నె గోడ మీంచి అందించింది. సుభద్ర పొగలు కక్కే అన్నంలో కలిపి పెట్టింది. కనకం రెండు ముద్దలు మింగిందో లేదో, శేషమాంబ ఊడిపడింది.

"ఏంటే ఆ వాసన?"

"ఇంగువండీ అత్తయ్యగారూ."

ఇంగువకీ దానికీ తేడా తెలీని ముక్కా అది! కంచం తీసుకెళ్ళి పెరట్లో బోర్లించింది. పిల్ల నోటి కాడ కంచం!

ఆ తర్వాత గవరమ్మ నువ్వుల నూనెలో రెబ్బలు కాచి, గోరెచ్చగా చల్లార్చి ఇచ్చింది. సుభద్ర పిల్ల ఛాతీకి, అరికాళ్ళకి రాసింది. పిల్లకి అప్పుడే రెప్పలు వాలుతున్నాయి. శేషమాంబ వచ్చి దుప్పటి వాసన చూసింది. చూసి, ఆ దగ్గే పిల్లని లేపి, ఆ ముసురులో నూతి దగ్గర నిలబెట్టి చన్నీళ్ళతో కడిగింది. చన్నీళ్ళతోనే! చెప్తుంటే ఇప్పటికీ నాకు చెయ్యి దురద పెడతది.

గవరమ్మకీ ఒళ్ళు మండింది. అయినా ఈసారి నోరు చెయ్యలేదు. కూచుని రెబ్బల పొట్టు ఒలిచింది. సూదితో దారానికి గుచ్చింది. మూరెడు దండ అయింది. తెల్లగా, మొన తేలి, చూస్తే అచ్చం మల్లెమొగ్గలే.

"పిల్ల తలగడ పక్కన మేకుకి తగిలించు. ఆ ఘాటుకి ముక్కు ఇడుద్ది" అని ఇచ్చింది.

ఈసారి శేషమాంబ కిక్కురుమనలేదు. ఎందుకో చెప్పు? ఆవిడకీ అంటుకుంది జలుబు! ముక్కు రెండు పక్కలా బిరడా బిగించినట్టు బిగుసుకుంది. పాయసమైనా పేడైనా ఒకటే ఆవిడకి. ఆ రాత్రి కనకం కాస్త నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం మునసబుగారింట్లో పేరంటం. శేషమాంబ పట్టుచీర కట్టింది. గొలుసు ఏసుకుంది. పూలు లేవని సణుక్కుంటా గదిలోకొచ్చింది. చూస్తే మేకుకి దండ!

"ఓహో! ముసురులో మల్లెలు కొందా మహారాణి! నాకొక్క మాటైనా చెప్పకుండా!"

లాక్కుని ముడి చుట్టూ తిప్పుకుంది. సుభద్ర నోరు తెరిచింది.

"నోరు ముయ్యి" అంది అత్త.

సుభద్ర మూసుకుంది. ఏం చేస్తది మరి!

పేరంటంలో శేషమాంబ చాప మధ్యన కూచుంది. అప్పుడు ఎడం పక్కావిడ దూరం జరిగింది. ఆ తర్వాత కుడి పక్కావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గంధం రాయడానికొచ్చిన మునసబుగారి భార్య గిన్నెతో సహా ఎనక్కి తిరిగింది. శేషమాంబ మాత్రం ముడి తడుముకుంటా దర్జాగా కూచుంది. ఆ ఘాటు మెడ మీంచి, చెవి పక్కనించి ఎక్కింది ఎక్కింది... టప్! ఒక ముక్కు తెరుచుకుంది. టప్! రెండోదీ. హమ్మయ్య అని ఆవిడ గుండెల నిండా గాలి పీల్చింది.

పీల్చి, దిగ్గున లేచి అరిచింది.

"ఎవరే! పేరంటానికి ఎల్లుల్లి పెట్టుకొచ్చిందెవరే!"

పేరే పలకనన్న నోరు! ఆడంగులందరూ ఏలు పెట్టి ఆవిడ ముడి చూపించారు.

నిప్పు తొక్కినట్టు ఇంటికొచ్చింది. దండ తెంపి, నూతి పక్కన బురదలో ఏసి తొక్కింది. తనకి మాత్రం గాలి హాయిగా ఆడుతోంది. లోపల ఉత్త మేకు కింద కనకం మళ్ళీ ఖళ్ళు, ఖళ్ళు.

"నానమ్మా, ఆ పూలు మళ్ళీ పెట్టవా?" అంది పిల్ల.

శేషమాంబ బురద కాళ్ళతోనే గుమ్మం దిగింది. అప్పుడు గోడ దగ్గరికొచ్చింది.

"ఏమే గవరమ్మా. అదీ... కాస్త ఇస్తావా?"

"అదంటే?"

"అదేనే."

"పేరు లేని సరుకు మా ఇంట్లో ఉండదు."

శేషమాంబ "ఎల్లు" అని మిగతాది మింగేసింది. గవరమ్మ చెవి ఒగ్గింది. "ఎల్లుల్లి" అని గొణిగింది శేషమాంబ. "వాన చప్పుడమ్మా, ఇనపళ్ళేదు" అంది గవరమ్మ.

"ఎల్లుల్లి! ఎల్లుల్లి ఇయ్యవే తల్లీ, పిల్ల దగ్గుతోంది!"

ఊరంతా ఇనపడింది. అప్పుడు గవరమ్మ కొంగు చాటునించి ఇంకో దండ తీసింది. ముందే గుచ్చి పెట్టుకుంది మరి, పంతం పెద్దాళ్ళది గానీ దగ్గు పిల్లది కదా. దండ చేతిలో పెట్టి, ఆ తర్వాత అంది.

"తొక్కిన దండకి మూరెడు మల్లెలు బాకీ నువ్వు."

"నీకెందుకే ఇప్పుడు మల్లెలు?"

అనేసింది ఆ మాట! మొగుడు పోయినదాని మొహం మీదే! గవరమ్మ ఏడవలేదు.

"నాక్కాదు, నీ కోడలికి. నీ చేత్తో నువ్వే తురమాలి. కొలత మాత్రం నా చేతిది."

ముసురులో మల్లెలంటే మాటలా? శేషమాంబ గొడుగేసుకుని ఊరంతా తిరిగి, బేరం కుదరక నోరు పారేసుకుని, తన పొట్టి చేత్తో మూరెడు కొలిపించుకుని తెచ్చింది. గవరమ్మ గోడ మీద మోచెయ్యి ఆనించి పక్కన పెట్టి చూసింది. బెత్తెడు తక్కువ. "ఎళ్ళి తే" అంది. ఎళ్ళి తెచ్చింది! గోడ ఇవతల గవరమ్మ చూస్తుండగా సుభద్ర జడలో తురిమింది.

ఇంక పడుకో. పైన మేకుకి ఏముందో చూశావా? మల్లెలనుకున్నావు కదూ? వాసన రావట్లేదు కదూ? వచ్చిన రోజు నీ ముక్కు బాగుపడ్డట్టు.

కథ అటకెక్కింది, పిల్ల పడకెక్కింది,
దగ్గు గోడ దూకింది, ముక్కు గాలి పీల్చింది,
శేషమాంబ బాకీ తీరింది:
మూరెడూ బెత్తెడూ మల్లెలు!