రంగేసిన తలుపు

అనగనగా ఒక రాజు రాణిమీద అలిగి, ఇద్దరి గదుల మధ్య తలుపు మూయబోయాడు. కొత్తగా దట్టంగా రంగేసిన తలుపు, ద్వారబంధానికి పట్టేసి మూసుకోలేదు.

"సాయంత్రానికి మూసుకోకపోతే నీ కొలువు ఊడుతుంది" అన్నాడు వడ్రంగి చిట్టాచారితో.

మూసుకుంటే కాపురం రెండవుతుందని చిట్టాచారి బెంగ.

"ఎక్కడ పట్టేస్తోందో తెలియందే చిత్రిక పట్టకూడదు ప్రభూ. చెక్కిన కొయ్య మళ్ళీ అతకదు కదా. రాణిగారి గదిలోకి నేను వెళ్ళకూడదు. తమరిటునుంచి నెట్టండి, అమ్మగారు అటునుంచి చూసి చెబుతారు."

రాజు నెట్టాడు.

"పైన పట్టింది" అంది రాణి ముభావంగా.

"ఇప్పుడో?"

"కింద."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. మీ పంతంలాగే, పట్టినచోట వదలడం లేదు."

రాజుకు నవ్వాగలేదు. అటునుంచీ నవ్వు వినబడింది.

"ఎక్కడ చెక్కమంటారు ప్రభూ?"

"ఉండనీవయ్యా, గాలొస్తుంది" అంటూ రాజు అవతలి గదిలోకి వెళ్ళాడు.